ఇంట్లో చెప్పలేనప్పుడు ఎవరికి చెప్పాలి?

ఇంటర్ ఫస్టియర్‌లో నాకు మ్యాథ్స్ రెండు పేపర్లూ పోయాయి. రిజల్ట్స్ వచ్చిన రోజు ఇంటికెళ్ళే ధైర్యం లేక, విశాఖపట్నం కంచరపాలెంలో మా వీధి మొదట్లో బట్టలు కుట్టే పిన్ని కొట్లో కూర్చున్నాను. "ఏటమ్మా, అలాగున్నావు?" అంది మిషన్ ఆపకుండానే. మొత్తం చెప్పేశాను. నా మొహంలోకి చూడకుండా కుట్టుకుంటూ వింది కాబట్టే చెప్పగలిగాను.

అందుకే పదిహేను, పదహారేళ్ళ పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే: ఎదురుగా కూర్చుని "మీతో మాట్లాడాలి" అని మొదలుపెట్టక్కర్లేదు. మేనత్త కూర తరుగుతున్నప్పుడో, కోచ్ ఆట అయ్యాక నెట్ విప్పుతున్నప్పుడో పక్కన చేరి ఓ చెయ్యి వేయండి. మాట అదే వస్తుంది.

ఎవరి దగ్గర చేరాలంటే, చదువూ హోదా చూడకండి. పిన్ని ఏడో తరగతితో మానేసింది. ఇతరుల ఇంటి సంగతులు మీ దగ్గర చెప్తున్నారా, అది చూడండి. చెప్తుంటే మీవీ రేపు ఇంకెక్కడో చెప్తారు. అంతకుముందు ఒక లెక్చరర్‌కి నా భయం చెప్పుకుంటే మర్నాడు క్లాసులో అందరి ముందూ అదే ఎత్తారు. అప్పట్నుంచి ముందు చిన్న విషయం చెప్పి, ఓ పది రోజులు ఆగి చూస్తాను.

"నాకు గైడెన్స్ ఇవ్వండి" అంటే ఎవరికైనా ఏం చెప్పాలో తోచదు. "సప్లిమెంటరీకి ఫీజు కట్టాలి, నాన్నకి ఎలా చెప్పను?" అని ఒక్క ప్రశ్న అడగండి.

ఆ సాయంత్రం పిన్ని నా బదులు చెప్పలేదు. మా గుమ్మం దాకా వచ్చి, "నువ్వే చెప్పు, నేనిక్కడే ఉంటాను" అంది. పోర్టులో డ్యూటీ దిగి వచ్చిన నాన్న గట్టిగా అరిచారు. పిన్ని కదల్లేదు. ఫస్టియర్ తప్పినా సెకండియర్‌కి వెళ్ళొచ్చని, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో రాసుకోవచ్చని నేను చెప్పేసరికి ఆయన కూర్చుని మంచినీళ్ళు అడిగారు.

మనల్ని ఇంటి వైపు నడిపించేవాళ్ళే నమ్మదగినవాళ్ళు. "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి, ఇంట్లో చెప్పకు" అన్నా, అర్ధరాత్రి మెసేజ్‌లు పెట్టినా, ఖరీదైన వస్తువులు కొనిచ్చినా, కైలాసగిరి కొండకి ఒంటరిగా రమ్మన్నా, ఎంత సాయం చేసినవాళ్ళైనా సరే దూరం జరగండి. వెంటనే ఇంకో పెద్దవాళ్ళకి చెప్పండి. తప్పు మీది కాదు. పద్దెనిమిదేళ్ళలోపు ఆడపిల్లలకీ మగపిల్లలకీ లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం అండ ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే 14416కి చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు.

చుట్టూ అలాంటివాళ్ళు ఎవరూ లేరనిపిస్తే ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. ఒకే వేళకి వెళ్తూ ఉండండి. కొన్నాళ్ళకి ముఖాలు తెలుస్తాయి. అర్థంకాని లెక్క ఒకటి పట్టుకెళ్ళి అడగండి. మర్నాడు వెళ్ళి, ఆన్సర్ వచ్చిందో లేదో వాళ్ళకి చూపించండి.