తొలకరి నుంచి బోనాల దాకా మేకల మేత దగ్గర జర పైలం

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్ చుట్టుపక్కల మేకలోళ్లందరికీ ఒకటే ఖుషీ, ఎండాకాలమంతా కంది పొట్టు, చెట్ల కొమ్మలు అని తిప్పలు పడి పడి ఉంటం కాబట్టి రెండు వానలు పడేసరికి శంషాబాద్ దిక్కు, ఘట్‌కేసర్ దిక్కు, చేవెళ్ల దిక్కు పడావు భూములన్నీ పచ్చగా అయితయి, ఇంక మేతకు రంది లేదనుకుంటం. సరిగ్గా అప్పుడే మందల్లో మేకలు చచ్చిపోతయి. దానికి తోడు ఆషాఢం బోనాలకు మేకపోతులు మంచి రేటు పలుకుతయని ఆ నెల ముందే మక్కలు దట్టిస్తరు. పచ్చిక ఒక దిక్కు, గింజలు ఒక దిక్కు, రెండూ ఒక్కసారే మీద పడతయి. అందుకే ఈ రెండు నెలలు మేత ఎంత మంచిదైనా సరే, పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి మెల్లగా తీస్కపోవాలె. నేను చెప్పేదంతా దీని చుట్టే తిరుగుతది.

మేక పెద్ద పొట్టలో మేతను అరిగించేది దాంట్ల ఉండే క్రిములే. ఎండు మేతకు అలవాటైన క్రిములు వేరు, గింజలను అరిగించేవి వేరు, ఒకటి పోయి ఇంకోటి పెరగాలంటే వారం పది రోజులు పడతది. ఆ టైం ఇయ్యకుండా ఒక్కరోజే గంపెడు లేత గడ్డో, శేరు మక్కలో పడేస్తే లోపల పులిసిపోయి యాసిడ్ అయితది, లేకుంటే గ్యాస్ పట్టి డొక్క ఉబ్బుతది.

అన్నిటికంటే భయపడాల్సింది చిటుక రోగం. దీని క్రిమి బయటి నుంచి వచ్చేది కాదు, మామూలు రోజుల్లో కూడా పేగుల్లోనే ఉంటది, లేత పచ్చికో గింజలో ఒక్కసారి ఎక్కువైతే అది మస్తు పెరిగి విషం వదులుతది. సాయంత్రం దాకా బాగానే దుంకిన పిల్ల పొద్దున కొట్టంలో మెడ వెనక్కి వాల్చి చచ్చి పడుంటది. అది కూడా బక్కది కాదు, మందలో బాగా తినేది, బలిసింది, ఇంటోళ్లు ముద్దుగా చూస్కునేదే ముందు పోతది, చాలామంది దిష్టి తగిలిందనుకునేది ఇందుకే. మందు ఇచ్చే టైం కూడా దొరకదు కాబట్టి టీకా ఒక్కటే దారి, అది వానలకు ముందే పడాలె. మొదటిసారి వేయించే పిల్లలకైతే రెండు మూడు వారాల తేడాతో రెండో డోసు కూడా కావాలె. వానలు పడ్డాక గుర్తొస్తే అప్పుడైనా వేయించండి గానీ, టీకా పని చేసేందుకు రెండు వారాలన్నా పడతది, అప్పటిదాకా లేత గడ్డికి అడ్డం ఉండాలె. ఎట్లాగూ పశువుల దవాఖానకు పోతరు కాబట్టి పారుడు రోగం టీకా సంగతి కూడా అడిగిరండి.

ఇప్పుడు పచ్చిక. పొద్దున్నే తాడు విప్పి ఖాళీ కడుపుతో తోలకండి. ముందు కొట్టంలోనే పల్లి కట్టెనో కంది పొట్టో ఎంతో కొంత తిననియ్యండి, పొద్దెక్కి మంచు ఆరినాక తొమ్మిది, పది గంటలకు వదలండి, మొదటి మూడు నాలుగు రోజులు గంటసేపే, తర్వాత మెల్లమెల్లగా పెంచాలె. మంచు ఆరాలె అని ఎందుకంటున్ననంటే నట్టల (కడుపులో పురుగుల) పిల్లలు తడి ఉన్నప్పుడే గడ్డి పరక మీదికి ఎక్కుతయి, అది కూడా నేలకు దగ్గరగా రెండు మూడు అంగుళాల దాంట్లోనే ఎక్కువుంటయి. మేక అసలు కొమ్మలు అందుకుని ఆకు తినే జీవి, గొర్రెలెక్క నేల గీరుకుంట మేసేది కాదు, కాబట్టి వానాకాలంలో అవిసె, సుబాబుల్, వేప, తుమ్మ కొమ్మలు కట్టలు కట్టి మేక మూతి ఎత్తుకి వేలాడదీస్తే సగం నట్టల బాధ అక్కడే తప్పుతది. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటనియ్యొద్దు, ఎక్కువ పెడితే వెంట్రుకలు రాలతయి.

నట్టల మందు వానలకు ముందొకసారి, వానలు తగ్గాక ఒకసారి, బరువును బట్టి. అందరికీ ఒకే మూత కొలత పోసుడు చాలా దగ్గర చూస్త, బక్కదానికి ఎక్కువైతది, పెద్దదానికి పని చెయ్యదు. కొత్తగా చూడి కట్టిన మేకలకు ఆల్బెండజోల్ పొయ్యకండి, కడుపులో పిల్లకు మంచిది కాదు. మధ్యల మధ్యల కన్ను చూస్తుండాలె: బొటనవేలితో పై రెప్పను మెల్లగా లోపలికి నొక్కి, ఇంకో వేలితో కింది రెప్ప దించితే లోపల తోలు ఎర్రగా ఉండాలె, తెల్లగా పాలిపోయి కనబడితే నట్టలు రక్తం తాగుతున్నట్టు. దవడ కింద నీరు దిగి మెత్తగా సంచిలెక్క వేలాడితే ఇంక ఒక్కరోజు కూడా ఆగకండి.

సూపర్ నేపియర్ గడ్డి వేసినోళ్లకు ఒక మాట. వానాకాలం గడ్డిలో నీళ్లే ఎక్కువ, కోసి కోసినట్టే వేస్తే కడుపు నిండుతది గానీ ఒంట్లోకి ఏం పోదు, పెంట పలచగా అయితది. పొద్దున కోసింది సాయంత్రం దాకా వాడనిచ్చి, ముక్కలు చేసి, పొట్టు కలిపి వెయ్యండి. జొన్న చేను పక్కన మేపేటోళ్లు నాము (జొన్న విషం) సంగతి మర్వొద్దు, మోకాలెత్తు లేత జొన్న, వాన మొహం చాటేసి వాడిన జొన్న, కోసినంక మళ్ల లేచిన పిలకలు, ఈ మూడింట్లో విషం ఎక్కువ, మేసిన కొద్దిసేపటికే పడిపోతయి. పూత కొచ్చినంకనే పెట్టాలె.

గింజల విషయానికొస్తే, బోనాల పోతులను తయారు చేసేటోళ్లు మక్కలు పెట్టొద్దని చెప్తలేను. రోజుకు 50 గ్రాముల దాణాతో మొదలువెట్టి రెండు రోజులకోసారి ఇంకో 50 పెంచుకుంట 250, 300 దాకా పోండి చాలు, అది కూడా పొద్దున సగం, సాయంత్రం సగం. పది కిలోల దాణాకు భరడ పట్టించిన మక్కలు 4 కిలోలు, పల్లి చెక్క రెండున్నర, గోధుమ పొట్టు 3 కిలోల 200, మినరల్ మిక్చర్ 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు, ఇది మంచి లెక్క. చవకగా దొరికిందని ఒట్టి తవుడే పెట్టేటోళ్లున్నరు, దాంట్ల భాస్వరం ఎక్కువ, పోతులకు మూత్రంలో రాళ్లు కట్టి మూత్రం బంద్ అయితది, ముక్కుకుంట చుక్క చుక్క పోస్తుంటే అది అర్జంటు కేసు. నీళ్లు ఎప్పుడూ ముందరుండాలె, వాన పడుతుంది కదా ఏం తాగుతయిలే అనొద్దు.

సిటీలో దొరికే ఫ్రీ మేత సంగతి వేరే. ఫంక్షన్ హాల్ల మిగిలిన బగార అన్నం, బేకరీలో పాసిపోయిన బన్నులు సంచులల్లో తెచ్చి పోస్తరు, అవి మక్కలకంటే డేంజర్, ఉడికిన పిండి పదార్థం కడుపులో ఇంకా తొందరగా పులుస్తది. మోండా మార్కెట్, బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి తెచ్చే గోబీ ఆకులైతే కొంచెమే పెట్టండి, ఎక్కువైతే ఉబ్బరం, పైగా దాంట్ల పాలిథిన్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, తాళ్లు ఉంటయి, కింద కుప్పబోసి చేత్తో ఏరాల్సిందే. ఇంకోటి, రోడ్డు డివైడర్ల మీద గన్నేరు చెట్లు కత్తిరించి పక్కన పడేస్తరు చూశారా, ఆ కొమ్మలు ఎత్తుకొచ్చి వేస్తే అంతే సంగతులు, గన్నేరు ఆకులు కొన్ని కడుపులో పడ్డా గుండె ఆగిపోతది, ఎండిన ఆకైనా విషమే.

బస్తీలో బోనాలకని పోతును తెచ్చి ఇంటి ముందర కట్టేసుకునేటోళ్లు, జియాగూడలో కొన్నా ఇంకేడ కొన్నా, అమ్మినాయనను ఇది ఇన్ని రోజులు ఏం తిన్నదని అడిగి అదే మేత ఒక సంచి వెంట తెచ్చుకోండి. లేకుంటే వాడకట్టు పిల్లలంతా కలిసి బిస్కెట్లు, అరటిపండ్లు, అన్నం పెడతరు, రెండో రోజుకే అది మూల కూసుంటది.

పొట్టు, చెక్క, మక్కల సంచులు నేల మీద పెట్టకుండ కట్టెల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. బూజు వాసన వచ్చిందంటే పారెయ్యాల్సిందే, ముఖ్యంగా పల్లి చెక్క. ఎండలో ఆరబెడితే బూజు రాలిపోయినట్టు కనబడతది గానీ దాని విషం అట్లనే ఉంటది, లివర్ దెబ్బ తింటది.

పొద్దున కొట్టంలోకి పోంగనే ఎవరు నెమరు వేస్తలేరో చూడండి. ఎడమ డొక్క మీద పిడికిలి పెట్టి నొక్కితే డప్పులెక్క గట్టిగా తగిలితే గ్యాస్, నొక్కిన గుంట అట్లనే ఉండి లోపల నీళ్లు కదిలినట్టుంటే, పండ్లు కొరుకుతుంటే, గింజల అజీర్తి. గ్యాసుకు 50 నుంచి 100 ఎంఎల్ పల్లి నూనె, గింజలకు రెండు చెంచాల తినే సోడా నీళ్లల్ల కలిపి, అది నిలబడి ఉన్నప్పుడే, తల మరీ పైకి ఎత్తకుండ, చెంప పక్క నుంచి కొంచెం కొంచెంగా పొయ్యండి, గబగబా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి దానితోనే చస్తది. ఇది డాక్టర్ వచ్చేదాకా చేసే పని మాత్రమే, పశువుల అంబులెన్స్ నంబర్ 1962కు ఫోన్ కొట్టి నిన్నటి నుంచి ఏం తిన్నదో దాచకుండ చెప్పండి, ఫంక్షన్ హాల్ అన్నమైతే అదే చెప్పండి, మందు దాన్ని బట్టే ఉంటది. అప్పటిదాకా దాణా పూర్తిగా బంద్, ఎండు గడ్డి మాత్రం ముందర వేసి పెట్టండి.