ర్యాక్ పాఠాలు – 3: పెట్టె రాకముందే గది

పోయిన పాఠంలో యు లెక్క నేర్చుకున్నాం, అంటే సర్వర్లు, నెట్‌వర్క్ స్విచ్‌లు బిగించే ఇనుప బీరువా (అదే ర్యాక్) ఎత్తు కొలిచే లెక్క. ఒక యు అంటే 44.45 మిల్లీమీటర్లు, అంగుళాల్లో 1.75. ఈసారి ఒక్క స్క్రూ కూడా తిప్పం. టేపు, సుద్దముక్క, మల్టీమీటర్ పట్టుకుని ఖాళీ గదికి వెళ్దాం.

చెన్నైలో నేను ఈ పనిలో చేరిన కొత్తలో గిండీలో ఒక ఆఫీసు నాలుగో అంతస్తుకి 42 యు ర్యాక్ వచ్చింది. గది కొలిచాను, తలుపు కొలిచాను, లిఫ్ట్ మాత్రం వదిలేశాను. అది అందులో పట్టలేదు. నలుగురం మెట్ల మీద మోస్తే రెండో మలుపులో ఇరుక్కుంది. తలుపులు, పక్క రేకులు ఊడదీశాక గానీ కదల్లేదు. అప్పటి నుంచి బండి ఆగే చోటే నా కొలత మొదలు. 42 యు అంటే లోపలి ఎత్తే 1867 మిల్లీమీటర్లు. అడుగూ పైకప్పూ కలిపితే రెండు మీటర్లకు అటూ ఇటూ వస్తుంది. లిఫ్ట్‌లో ‘8 మంది, 544 కిలోలు’ అని రాసిన పలక కూడా చూడండి. ర్యాక్ ఖాళీగానే పైకి వెళ్లాలి. యూపీఎస్ బ్యాటరీలు వేరే విడతలో.

గదిలో ర్యాక్ నిలబడే చోట నేల మీద సుద్దతో గీయండి. ముందు నాలుగడుగులు, వెనక మూడడుగులు వదలండి. సర్వర్ పట్టాల మీద పూర్తిగా బయటికి జరుగుతుంది, దానికి చోటు కావాలి. వెనక కేబుల్ సర్దేది మీరే, మీ మోకాళ్ల కోసమైనా వదలండి.

ఇక కరెంటు. ఇక్కడ తొందరపడొద్దు. లైవ్ పాయింట్‌లో మీటర్ పెట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించి, అంకెలు మీరు రాసుకోండి. మొదట ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య: 230 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. తర్వాత ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య: దాదాపు అంతే రావాలి. బాగా తక్కువ వచ్చిందంటే ఎర్త్ పేరుకే ఉందన్నమాట, వైరు ఎక్కడో తెగి ఉంటుంది. చివరగా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య: లోడ్ ఉన్నప్పుడు (ఆ లైన్ మీద ఏదైనా నడుస్తున్నప్పుడు) రెండు మూడు వోల్టులు దాటకూడదు. లోడ్ ఉన్నా కచ్చితంగా సున్నా చూపిస్తే మాత్రం నాకు అనుమానం. కొందరు పరీక్ష గట్టెక్కడానికి సాకెట్ లోపలే న్యూట్రల్, ఎర్త్ కలిపి ముడేస్తారు. అలా చేస్తే న్యూట్రల్ తెగిన రోజు ర్యాక్ ఇనుముకే షాక్ వస్తుంది. సాకెట్ విప్పించి చూడండి, మొహమాటం వద్దు.

వేడి లెక్క సులువు. పరికరాలు తాగే కరెంటంతా దాదాపు వేడిగానే గదిలోకి వస్తుంది. ఒక టన్ను ఏసీ మోసేది సుమారు 3.5 కిలోవాట్ల వేడి. మీ ర్యాక్ 1.5 కిలోవాట్లు తింటే ఒక టన్ను చాలనిపిస్తుంది, కానీ పడమటి గోడకు చెన్నై మే నెల ఎండ కొడుతుంటే ఆ లెక్క నిలవదు. పరికరంలోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, కాబట్టి థర్మామీటర్ గోడకు కాదు, ర్యాక్ ముందు పెట్టండి. ఏసీలు రెండు ఉండి వంతులవారీగా నడిస్తే మంచిది. ఏదీ ర్యాక్ నెత్తి మీద వద్దు. డ్రెయిన్ పైపు పూడిన రోజున నీళ్లు నేరుగా స్విచ్‌లోకే. ఏసీ బ్రేకర్ మీద ‘ఆపవద్దు’ అని తమిళంలో రాయించండి. రాత్రి కాపలా అన్న కరెంటు ఆదా చేద్దామని మంచి మనసుతోనే ఆపేస్తాడు.

నీళ్లంటే ఇంకో మాట. 2015 డిసెంబరు వరద, 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను చూసినవాళ్లు వేళచ్చేరి వైపు గ్రౌండ్ ఫ్లోర్‌లో సర్వర్ గది అంటే ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను.

వచ్చే పాఠానికి మీ పని: బండి ఆగే చోటు నుంచి సుద్ద గీత దాకా దారిలో అన్నిటికంటే ఇరుకైన చోటు కొలత, మీటర్ చూపిన మూడు అంకెలు, మధ్యాహ్నం రెండింటికి గది వేడి. ఈ అయిదూ ఒక కాగితం మీద రాసి ఉంచండి. అప్పుడు ర్యాక్ నిలబెట్టి, పరికరాలను పట్టి ఉంచే కేజ్ నట్లు బిగిద్దాం.