మన పీసీ మన చేతులతోనే – 5వ పాఠం: ఎస్‌ఎంపీఎస్ వచ్చేలోగా

నాలుగో పాఠంలో రాసుకున్న లిస్టులో అన్నీ చేతికొచ్చాయి, ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె) ఒక్కటే రాలేదు. కొత్తగా పీసీ కట్టుకునేవాళ్లలో చాలామందికి ఏదో ఒక భాగం దగ్గర ఇలా ఆగాల్సి వస్తుంది, అందుకే ఒక పాఠం మొత్తం దీనికే కేటాయిస్తున్నాను. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి వెళ్తే మిగతావన్నీ ఒక్క పూటలో దొరికినా, మనం ఎంచుకున్న మోడల్ ఎస్‌ఎంపీఎస్ అడిగితే “ఎల్లుండి వస్తది అన్నా” అనొచ్చు. ఆన్‌లైన్‌లో పెడితే ఇంకో వారం పట్టొచ్చు. తొందరపడి చవకరకం ఒకటి తెచ్చి బిగించకండి. మిగతా భాగాలన్నిటికీ కరెంటు పంచేది అదే. అది పాడైతే పక్కవాటిని కూడా పాడుచేయగలదు.

ఈలోగా చేసుకోదగ్గ పని చాలా ఉంది. అలాగే ముట్టుకోకూడని పని కూడా ఉంది. రెంటికీ ఒకటే లెక్క పెట్టుకోండి: కరెంటు ఇచ్చి చూడకముందు, మళ్లీ విప్పడం కష్టమయ్యేలా ఏదీ బిగించొద్దు.

ముందు గడువు సంగతి చూద్దాం. ఆన్‌లైన్‌లో కొన్న భాగాలకు రీప్లేస్‌మెంట్ గడువు తరచూ వారం, పది రోజులే ఉంటుంది. మీరు ఎస్‌ఎంపీఎస్ కోసం ఎదురుచూస్తుంటే అటు మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు) గడువు కరిగిపోతుంటుంది. కాబట్టి డబ్బాలను సీలుతో అలాగే దాచకండి. ఈ రోజే ఫోన్‌లో వీడియో తీస్తూ ఒక్కొక్కటీ తెరవండి. డబ్బా మీది సీరియల్ నంబరు, లోపలి వస్తువు మీది నంబరు ఒకటేనా చూడండి. ప్రతి డబ్బా మీదా దాని ఆఖరి తేదీని మార్కర్‌తో రాయండి. ఎస్‌ఎంపీఎస్ ఆ తేదీలోపు రాదనిపిస్తే, స్నేహితుల దగ్గర మంచి కంపెనీది ఒక్క సాయంత్రానికి అడిగి తెచ్చుకోండి, లేదా బోర్డు కొన్న షాపుకే తీసుకెళ్లి కరెంటు ఇచ్చి చూపించమనండి.

అరువు తెచ్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. కేబుళ్లు ఊడివచ్చే మాడ్యులర్ రకమైతే దాని కేబుళ్లు దానితోనే రావాలి, దానితోనే వెళ్లాలి. బోర్డు వైపు ప్లగ్గులు ఒకేలా ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ని బట్టి కూడా మారుతుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలో 12 వోల్టులు వెళ్తే హార్డ్‌డిస్క్ అక్కడికక్కడే కాలిపోవచ్చు.

ఇప్పుడు ప్రాసెసర్ సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. ఈ వారంలో అన్నిటికంటే ఓపిగ్గా చేయాల్సింది ఇక్కడే. ఇంటెల్ వాళ్ల ఎల్‌జీఏ1700 రకం సాకెట్ అయినా, ఏఎండీ వాళ్ల ఏఎం5 రకం అయినా పిన్నులు బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. మొదటిదాంట్లో 1700, రెండోదాంట్లో 1718. పాత ఏఎం4లో మాత్రం అవి ప్రాసెసర్ అడుగున ఉంటాయి. సాకెట్‌లో ఒక్క పిన్ను వంగినా ఒక ర్యామ్ స్లాట్ పనిచేయకపోవచ్చు, అసలు బోర్డే ఆన్ కాకపోవచ్చు. వంగిన పిన్నును కంపెనీలు సాధారణంగా వాడేవాళ్ల తప్పుగానే లెక్కేస్తాయి, వారంటీ ఇవ్వవు. అందుకని ప్రాసెసర్ పెట్టకముందే లివర్ ఎత్తి, మూత తెరిచి, ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. పిన్నుల వరసలన్నీ ఒకే తీరుగా మెరవాలి. ఎక్కడైనా మెరుపు తేడాగా ఉంటే దగ్గరగా ఫోటో తీసి, అదే రోజు అమ్మినవాళ్లకు పంపండి.

అంతా బాగుంటే ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రికోణం గుర్తును సాకెట్ గుర్తుకు కలిపి, నొక్కకుండా అలా దించండి. దాని బరువుకే అది కూర్చుంటుంది. లివర్ మూసేటప్పుడు కాస్త బలం పడుతుంది, కరకరమన్న చప్పుడు కూడా వస్తుంది. భయపడకండి. అప్పుడు ఊడిపడే నల్ల ప్లాస్టిక్ మూతను మదర్‌బోర్డు డబ్బాలో దాచండి, బోర్డు వెనక్కి పంపాల్సి వస్తే అది ఉండాలి.

నాలుగు స్లాట్ల బోర్డులో ర్యామ్ రెండు స్టిక్కులైతే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. మీ బోర్డు మాన్యువల్‌లో చూసుకోండి. ఎం.2 ఎస్‌ఎస్‌డీని (బోర్డు మీదే అమరే సన్నటి స్టోరేజ్ పట్టీ) ఏటవాలుగా దూర్చి, పైకి లేచిన కొసను కిందికి నొక్కి, స్క్రూ బిగించండి. పైన హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు పలక) ఉంటే దాని ప్యాడ్ మీది పొర ఒలవడం మరవొద్దు.

ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ విషయంలో నా మాట ఇది. ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న కూలరైతే ఇప్పుడే బిగించేయండి. దాని అడుగున ముందే పూసిన పేస్టు గాలికి తెరిచి ఉంటే దుమ్ము అంటుకుంటుంది. ఎత్తైన టవర్ కూలరైతే బిగించకుండా డబ్బాలోనే ఉంచండి. అది ర్యామ్‌కీ, కరెంటు కేబుల్‌కీ చేతిని అడ్డుకుంటుంది.

ఒంట్లో పోగై భాగాలను పాడుచేయగల స్టాటిక్ కరెంటు గురించి కూడా చెప్పాలి. చలికాలంలో మన ఊరి గాలి పొడిగా ఉంటుంది, స్వెటర్ విప్పుతుంటే చిటపటమనేది ఆ స్టాటిక్కే. మామూలుగా అయితే ఎస్‌ఎంపీఎస్‌కి ప్లగ్ పెట్టి, స్విచ్ ఆఫ్‌లో ఉంచి, దాని లోహపు బాడీని ముట్టుకోమంటారు. ఎర్త్ పిన్ గుండా స్టాటిక్ పోతుంది. మనకిప్పుడు ఆ దారి లేదు. కొళాయి ముట్టుకోమనే పాత సలహా కూడా ఇప్పటి ఫ్లాట్లలో పనికిరాదు, పైపులు సీపీవీసీవి. రిస్ట్ స్ట్రాప్ (మణికట్టుకు కట్టుకునే, తీగ ఉన్న పట్టీ) తెచ్చుకుని కేబినెట్‌లో, అంటే భాగాలన్నీ బిగించే పెట్టెలో, రంగు వేయని లోహానికి తగిలించండి. బోర్డు వచ్చిన వెండిరంగు కవర్‌ని కూడా ముందు ఆ లోహానికి తాకించి, తర్వాతే బోర్డు బయటికి తీయండి. మీరూ, కేబినెట్టూ, బోర్డూ ఒకే విద్యుత్ స్థాయిలో ఉంటే మధ్యలో మెరుపు దూకదు.

బోర్డును కేబినెట్‌లో మాత్రం ఇప్పుడే పెట్టకండి. దాని అట్టడబ్బా మీదే ఉంచి పని చేయండి. పని ఆపినప్పుడు వెండిరంగు కవర్ లోపల పెట్టండి. కవర్ పైన పరిచి వదిలేయొద్దు. ఆ కవర్ పైపొర గుండా కొంత కరెంటు పారగలదు, బోర్డు మీద 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ (నాణెం లాంటిది) ఉండనే ఉంది, షార్ట్ కావచ్చు.

ఖాళీ కేబినెట్‌తో రెండు పనులు పూర్తిచేయండి. బోర్డు రంధ్రాలున్న చోట్లలోనే ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును కేబినెట్ లోహానికి తగలకుండా ఎత్తి పట్టే చిన్న స్తంభాలు) బిగించండి. అదనంగా ఒక్కటి మిగిలినా బోర్డు అడుగున తగిలి షార్ట్ కావచ్చు. తర్వాత, ప్రాసెసర్‌కి వచ్చే 8 పిన్నుల కేబుల్ పై ఎడమ మూలనున్న రంధ్రం గుండా రావాలి. చిన్న కేబినెట్లలో బోర్డు బిగించాక అక్కడ వేలు కూడా పట్టదు. ఇప్పుడే ఒక గట్టి దారం ఆ రంధ్రంలోంచి కిందికి దించి, రెండు కొసలూ టేపుతో అంటించండి. ఎస్‌ఎంపీఎస్ వచ్చాక దారం కొసకు కేబుల్ కట్టి, లంగాకి బొందు ఎక్కించినట్టు పైకి లాగేయొచ్చు.

వచ్చే పాఠంలో అన్నీ బల్ల మీదే కలిపి మొదటిసారి కరెంటు ఇస్తాం. ఈలోగా మాన్యువల్‌లో ఫ్రంట్ ప్యానెల్ పిన్నుల (కేబినెట్ ముందరి బటన్ల తీగలు తగిలించేవి) పేజీ ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. పవర్ స్విచ్ పిన్నులు రెండూ ఎక్కడున్నాయో బోర్డు మీద గుర్తుపట్టి చూడండి. ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అని ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. అలాంటివాళ్లు ఆ రోజుకు గ్రాఫిక్స్ కార్డు కూడా సిద్ధంగా పెట్టుకోవాలి.