చెల్కలో బాగా ఎగిరిన నిఘా డ్రోన్ సరిహద్దులో ఎందుకు మొరాయిస్తుంది? (సమస్య - పరిష్కారం)

పాలమూరు, నల్గొండ చెల్కల్లో 2 కిలోల లోపు నిఘా డ్రోన్లు తయారుచేసి ఎగరేసి చూస్తున్న పిల్లల కోసం, చిన్న వర్క్‌షాపుల కోసం ఇది రాస్తున్నాను. గుట్ట అవతల ఏముందో మనిషిని పంపకుండా చూసి చెప్పడం ఈ యంత్రం పని. ముందువరుసలో ఉన్న చిన్న దళం దీన్ని నమ్ముకుని కదులుతుంది. కాబట్టి "మా దగ్గర బాగానే ఎగిరింది" అన్న మాటతో ఆగకూడదు. లోపం కనబడగానే అందరూ సాఫ్ట్‌వేర్ మీద పడతారు. ముందు తీగ, స్క్రూ, ప్రొపెల్లర్ చూడండి.

ఒకచోట నిలబడమంటే గిరగిరా తిరుగుతూ వలయం పెద్దది చేసుకుంటోంది

కారణం: దిక్సూచి తప్పు దిక్కు చెబుతోంది. బ్యాటరీ నుంచి పోయే తీగల్లో 20, 30 ఆంపియర్లు పారుతుంటే వాటి చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. పక్కనే ఉన్న దిక్సూచికి ఇక ఉత్తరం ఎటో తెలియదు. జీపీఎస్ చెప్పే చోటు సరైనదే, కానీ డ్రోన్ సర్దుకునే దిశ తప్పు.

పరిష్కారం: జీపీఎస్, దిక్సూచి ఉన్న డబ్బాను కడ్డీ మీద ఎత్తుగా పెట్టండి. ఎర్ర తీగ, నల్ల తీగ కలిపి పురి పెట్టండి. ఎదురెదురు కరెంటుల క్షేత్రాలు ఒకదాన్నొకటి చాలామటుకు కొట్టేసుకుంటాయి. కడ్డీకి ఇనుప స్క్రూలు వద్దు, నైలాన్‌వి వాడండి. కాలిబ్రేషన్ (దిక్సూచికి సరైన దిక్కు మళ్లీ నేర్పడం) ఆ తర్వాతే, అదీ బండికి, రేకుల షెడ్డుకు, స్లాబులోని చువ్వలకు దూరంగా. మేము ఒకసారి మూడు రోజులు కోడ్ అంతా గాలించాం. తీరా చూస్తే దిక్సూచి కిందనుంచి పోయిన ఒక్క తీగది తప్పు.

ఎత్తు పట్టి ఉండమంటే పైపైకి పోతోంది, వీడియో జెల్లీలా వణుకుతోంది

రెండింటికీ మూలం అదురు. దిగేటప్పుడు పత్తికట్టె తగిలి అంచు చిట్లిన ప్రొపెల్లర్ కంటికి బాగానే కనిపిస్తుంది, తిరిగితే మాత్రం ఫ్రేమంతా అదురుతుంది. ఆర్డూపైలట్ (డ్రోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) రాసుకునే లాగ్‌లో వైబ్రేషన్ అంకె 30 దాటితే అనుమానించండి, 60 దాటితే ఎగరేయకండి. ప్రొపెల్లర్ మార్చండి, మోటారు స్క్రూలు బిగించండి, కెమెరా కింద మెత్తటి రబ్బరు పెట్టండి. ఎర్రమట్టి మోటారు అయస్కాంతాలకు పట్టకుండా తాటిపత్రి పరిచి దానిమీద నుంచే లేపండి.

ఎండలో ఎత్తు లెక్క తప్పుతోంది

గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు లెక్కగట్టే బారోమీటర్ చిప్ మీద వెలుగు, గాలి నేరుగా పడుతున్నాయి. గాలి ఆడే స్పాంజి ముక్కతో కప్పండి, చాలు.

కెమెరా వేయగానే ఉపగ్రహాల సంఖ్య పడిపోతోంది

కెమెరా తీగ నుంచి రేడియో రొద వస్తోంది. జీపీఎస్‌ను దూరం జరిపి, తీగకు రాగిరేకు చుట్టండి.

గుట్ట దాటగానే వీడియో తెగిపోతోంది

5.8 గిగాహెర్ట్జ్ తరంగం రాయిని చుట్టుకుని పోలేదు. నేలమీది యాంటెన్నాను ఎత్తైన చోటికి మార్చండి. డ్రోన్ మీదిది, నేలమీదిది రెండు యాంటెన్నాలూ తరంగాన్ని ఒకే వైపు మెలి తిప్పేవేనా చూడండి. ఒకటి కుడి, ఒకటి ఎడమ అయితే దగ్గరలోనే బొమ్మ చెదురుతుంది.

ఇక్కడ 25 నిమిషాలు ఎగిరేది ఎత్తైన కొండల్లో సగం కూడా ఎగరదు

అన్నిటికంటే నన్ను వేధించే సమస్య ఇదే. పాత నల్గొండ జిల్లా సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న ప్రాణాలర్పించిన గల్వాన్ లోయ సుమారు 14 వేల అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. అదే బరువును మోయాలంటే ప్రొపెల్లర్ మన దగ్గరకంటే దాదాపు 15 నుంచి 20 శాతం ఎక్కువ వేగంగా తిరగాలి, బ్యాటరీ ఎక్కువ ఖర్చవ్వాలి. పైగా చలికి లిథియం బ్యాటరీ లోపలి నిరోధం పెరిగి, మోటార్లు ఎక్కువ కరెంటు లాగగానే వోల్టేజి జారిపోతుంది. చార్జి ఉన్నట్టే చూపిస్తూ డ్రోన్ కూలుతుంది.

మన చెల్కలో గాల్లో నిలబడటానికే 65 శాతం థ్రాటిల్ (మోటార్లకు ఇచ్చే శక్తి) తింటున్న డ్రోన్‌ను అక్కడికి పంపడం అన్యాయం. 50 లోపుకు తేవాలి. పెద్ద వ్యాసం, తక్కువ పిచ్ (రెక్క వాలు) ఉన్న ప్రొపెల్లర్ వేయండి, అక్కరలేని ప్రతి గ్రామూ తీసేయండి. బ్యాటరీని ఎగరేసేదాకా చొక్కా లోపల వెచ్చగా ఉంచాలని, లేపాక ఒక నిమిషం దగ్గరే నిలిపి ఆ తర్వాతే దూరం పంపాలని ఎలా వాడాలో చెప్పే పుస్తకంలో మొదటి పేజీలోనే రాయండి.

జీపీఎస్ పోగానే ఎటో కొట్టుకుపోతోంది

సరిహద్దులో జీపీఎస్‌ను ఎదుటివాళ్లు జామ్ చేస్తారు, అంటే రేడియో రొదతో దాని సిగ్నల్‌ను అడ్డుకుంటారు. జామర్‌తో పరీక్షించకండి, అనుమతి లేకుండా వాడటం నేరం. జీపీఎస్‌ను సాఫ్ట్‌వేర్‌లో ఆపేసి, గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయగల ప్రాంతంలో), 400 అడుగుల లోపు, మనుషులు లేని చోట ఎగరేసి చూడండి. కింది నేలను చూసి కదలికను లెక్కగట్టే ఆప్టికల్ ఫ్లో కెమెరా ఉంటే తక్కువ ఎత్తులో నిలబడుతుంది. అయితే అది దున్నిన చెల్క మీద బాగా పనిచేసి, నిండు చెరువు మీద తడబడుతుంది. రెండుచోట్లా పరీక్షించండి.

మనం రెండు నిమిషాల్లో లేపుతాం, తొడుగులు వేసుకున్న చేతికి పది నిమిషాలు పడుతోంది

కనెక్టర్ చిన్నది, మీట చిన్నది, ప్రొపెల్లర్‌కు పానా కావాలి. మందపాటి చేతి తొడుగులు వేసుకుని, చీకటి గదిలో, ఒక్కరే బ్యాటరీ మార్చి చూడండి. ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడ భాగం మార్చండి.