ఏ డేటా స్ట్రక్చర్ వాడాలో ఎలా తేల్చుకోవాలి

ఏ డేటా స్ట్రక్చర్ (ప్రోగ్రామ్ డేటాని దాచుకునే అమరిక) వాడాలా అని డౌట్ వచ్చినప్పుడు కోడ్ పక్కన పెట్టి ముందు ఒక పేపర్ తీసుకోండి. మీ ప్రోగ్రామ్ ఆ డేటాతో ఏం చేస్తుందో రాయండి, చివర్లో యాడ్ చేస్తుందా, మధ్యలోంచి తీసేస్తుందా, "ఇది ఉందా లేదా" అని వెతుకుతుందా, ఎప్పుడూ అన్నిట్లోకి చిన్నదే అడుగుతుందా, పక్కనే ఏది ఎక్కువసార్లు జరుగుతుందో కూడా. డెఫినిషన్లు ఎంత బట్టీ పట్టినా ఈ లిస్ట్ లేకపోతే ఎంచుకోవడం గుడ్డిగానే ఉంటది.

ఏమీ తేలకపోతే ఎర్రేతో మొదలెట్టండి. అందులో అన్నీ మెమరీలో పక్కపక్కనే ఉంటాయి, ఐదో నంబర్ ఎలిమెంట్ (లెక్క సున్నా నుంచి) కావాలంటే మొదటి అడ్రస్ కి ఐదు ఇంటూ ఎలిమెంట్ సైజు కలిపితే చాలు, వెతకడం అనేదే లేదు. పైథాన్ లిస్ట్, జావా ఎర్రేలిస్ట్, సీ ప్లస్ ప్లస్ వెక్టర్ అన్నీ లోపల ఇవే, నిండిపోతే పెద్ద చోటు తీసుకుని అన్నీ అక్కడికి కాపీ చేస్తాయి. ఆ కాపీ ఖర్చు ఎప్పుడో ఒకసారే పడుద్ది కాబట్టి చివర్లో యాడ్ చేయడం సగటున చీప్ గానే ఉంటది. మొదట్లో పెట్టడం, తీయడం మాత్రం ఖరీదు, మిగతావన్నీ ఒక అడుగు జరగాలి కదా. పైథాన్ లో లిస్ట్ ముందు నుంచి పాప్ చేస్తూ క్యూ లాగా వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, దయచేసి డెక్ (collections.deque) వాడండి, అది రెండు వైపులా ఫాస్ట్.

మధ్యలో ఇన్సర్ట్ చేయాలంటే లింక్డ్ లిస్టే (ప్రతి ముక్క, అంటే నోడ్, తర్వాతి ముక్క అడ్రస్ పట్టుకుని ఉండేది) అని పుస్తకాల్లో ఉంటది. నిజమే కానీ ఆ మధ్య చోటుకి చేరాలంటే మొదట్నుంచి ఒక్కో నోడ్ దాటుకుంటూ పోవాలి, ఆ నోడ్లేమో మెమరీలో చెల్లాచెదురుగా ఉంటాయి. ప్రాసెసర్ మెమరీని ముక్కలుగా తెచ్చుకుంటది, మామూలుగా ఒక్కో ముక్క 64 బైట్లు, ఎర్రేలో అయితే పక్కవి కూడా అందులో వచ్చేస్తాయి, లింక్డ్ లిస్ట్ లో ఆ లాభం చాలావరకు పోతుంది. అందుకే కాగితం మీద గెలిచే లింక్డ్ లిస్ట్ నిజంగా రన్ చేస్తే చాలాసార్లు ఓడిపోద్ది. నోడ్ పాయింటర్ (దాని అడ్రస్) ముందే చేతిలో ఉంటేనే దాని జోలికి వెళ్ళండి.

మీ పేపర్ మీద "ఉందా లేదా", లేదా "ఈ కీకి విలువ ఎంత" అని ఉంటే హ్యాష్ టేబుల్, అంటే డిక్షనరీ, మ్యాప్, సెట్. నా లెక్కలో రోజువారీ కోడ్ స్పీడ్ చేయడానికి దీన్ని మించింది లేదు. కీని హ్యాష్ ఫంక్షన్ కి ఇస్తే ఒక నంబర్ వస్తది, దాన్నిబట్టి ఎర్రేలో ఏ గదికి వెళ్ళాలో తెలుస్తది. రెండు కీలు ఒకే గదికి వస్తే దాన్ని కొలిజన్ అంటారు, అప్పుడు ఆ గదిలోనే చైన్ కడతారు లేదా పక్కన ఖాళీ గది చూస్తారు. గదులు నిండే కొద్దీ కొలిజన్లు పెరుగుతాయి కాబట్టి టేబుల్ ముందే పెద్దదవుతుంది, జావా హ్యాష్‌మ్యాప్ మామూలుగా 16 గదులతో మొదలై 75 శాతం దాటగానే, అంటే 13వ ఎంట్రీకి, డబుల్ అవుద్ది. ఇక్కడ ఒక జాగ్రత్త, కీగా పెట్టిన ఆబ్జెక్ట్ ని తర్వాత మార్చకండి, హ్యాష్ మారిపోయి టేబుల్ వేరే గదిలో వెతుకుతుంది, లోపల ఉన్నా దొరకదు. పైథాన్ లిస్ట్ ని కీగా ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే, టపుల్ ఇవ్వండి (దాని లోపల మళ్ళీ లిస్ట్ పెట్టకుండా).

హ్యాష్ కి చేతకానిది వరస. "50 నుంచి 80 మధ్య ఉన్నవి ఇవ్వు" అంటే అది మొత్తం తిరగాల్సిందే. డేటా మారకపోతే ఒకసారి సార్ట్ చేసి బైనరీ సెర్చ్ (మధ్యది చూసి ప్రతిసారీ సగం వదిలేయడం) చేయండి, 10 లక్షల ఎలిమెంట్స్ లో కూడా 20 పోలికల్లో తేలిపోద్ది. డేటా మారుతూ ఉంటే బ్యాలెన్స్‌డ్ ట్రీ, జావాలో ట్రీమ్యాప్ లాంటివి, చిన్నవి ఎడమకి పెద్దవి కుడికి పెడుతూ ఒకే వైపు పెరిగిపోకుండా చూసుకుంటాయి. అలా చూసుకోని మామూలు బైనరీ సెర్చ్ ట్రీ సొంతంగా రాసి సార్ట్ అయిన డేటా వేశారంటే అది ఒకే వైపు పెరిగి లింక్డ్ లిస్ట్ అయి కూర్చుంటది.

ఎప్పుడూ చిన్నదో పెద్దదో ఒక్కటే కావాలంటే మొత్తం వరస దేనికి, హీప్ (చిన్నదో పెద్దదో ఎప్పుడూ పైనే ఉండే ట్రీ) చాలు. 1964లో విలియమ్స్ అనే ఆయన సార్టింగ్ కోసం తెచ్చాడు. కోటి నంబర్లలో టాప్ 10 కావాలా, 10 సైజు ఉన్న మిన్ హీప్ (చిన్నది పైన ఉండేది) పెట్టి, కొత్త నంబర్ అందులో చిన్నదానికంటే పెద్దదైతే మార్చేయండి, కోటినీ మెమరీలో ఉంచే పనే లేదు.

స్టాక్, క్యూ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, చివరగా వచ్చింది ముందు పోవాలంటే స్టాక్ (అన్‌డూ, బ్రాకెట్ల చెకింగ్), ముందొచ్చింది ముందు పోవాలంటే క్యూ. గ్రాఫ్ (నోడ్లు, వాటి మధ్య కనెక్షన్లు) అంటే భయపడతారు గానీ ఎక్కువసార్లు డిక్షనరీలో ప్రతి నోడ్ కి దాని పక్క నోడ్ల లిస్ట్ పెడితే అయిపోద్ది.

పేపర్ మీద రెండు అవసరాలుంటే రెండిటినీ కలపండి. ఎల్ఆర్‌యూ క్యాష్ (ఈమధ్య వాడినవి దగ్గర పెట్టుకునే చోటు) లో కీతో వెంటనే దొరకాలి, చోటు నిండితే వాడి అన్నిటికంటే ఎక్కువ కాలమైంది పోవాలి. హ్యాష్ టేబుల్ లో కీ పక్కన డబ్లీ లింక్డ్ లిస్ట్ (ముందు నోడ్, వెనక నోడ్ రెండిటి అడ్రస్ ఉండేది) నోడ్ పాయింటర్ పెడతారు, వాడిన ప్రతిసారీ ఆ నోడ్ ని ఊడదీసి ముందుకు తెస్తారు, నిండితే తోకలోది తీసేస్తారు. పాయింటర్ చేతిలోనే ఉంది కాబట్టి ఇక్కడ లింక్డ్ లిస్ట్ బాగా కుదిరింది.

రాసేశాక వెయ్యి, పదివేలు, లక్ష ఎలిమెంట్స్ తో టైమ్ చూడండి. డేటా పదింతలైనప్పుడు టైమ్ దాదాపు వందింతలైతే ఎక్కడో లూప్ లోపల లిస్ట్ లో వెతుకుతున్నారేమో చూసి అక్కడ సెట్ పెట్టండి.