లా ఎంట్రన్స్‌కు చదువుతూ మధ్యలో నీరుగారిపోకుండా ఉండడం ఎలా?

క్లాట్‌కో లాసెట్‌కో పుస్తకాలు కొన్న రోజున ఉండే ఊపు మూడో నెలకు ఉండదు. అందరికీ జరిగేదే. దానికి ఎక్కువమంది చేసుకునే వైద్యం యూట్యూబ్‌లో ఒక మోటివేషన్ వీడియో. చూసిన గంటసేపు ఒళ్లు వేడెక్కుతుంది, తర్వాత చల్లారుతుంది, చదవాల్సిన పాసేజ్ మాత్రం టేబుల్ మీద అలాగే ఉంటుంది.

ఊపు ఊరికే పోదు. మాక్ టెస్ట్‌లో మార్కులు నెల రోజులుగా కదలకపోవచ్చు. కరెంట్ అఫైర్స్ ఎంత చదివినా ఒడ్డు కనిపించకపోవచ్చు. పెళ్లిలో ఎవరో బాబాయి ఒక మాట అని ఉండొచ్చు. కారణం ఏదో కనిపెట్టి దాన్ని సరిచేసుకోవడమే కింద చెప్పే పద్ధతి.

1. మీ పరీక్ష మిమ్మల్ని ఎక్కడ అలసట పెడుతుందో తెలుసుకోండి

రెండూ లా సీటు కోసమే అయినా క్లాట్, లాసెట్ మనిషిని విసిగించే తీరు వేరు.

క్లాట్ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల పరీక్ష. మన దగ్గర శామీర్‌పేటలోని నల్సార్, విశాఖ పక్కన సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ దీని ద్వారానే సీట్లిస్తాయి. ఐదేళ్ల కోర్సు పరీక్షలో 120 ప్రశ్నలు, 2 గంటలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. దాదాపు అన్నీ పాసేజ్‌లే. ఒక్కోటి 450 పదాల దాకా ఉంటుంది, కింద ప్రశ్నలుంటాయి. ఇంటర్‌లోలాగా ‘ఈ వారం మూడు చాప్టర్లు అయిపోయాయి’ అనుకునే తృప్తి ఇందులో దొరకదు. చదువుతూనే ఉంటారు, ఎంత దూరం వచ్చారో తెలియదు. నీరసం అక్కడ మొదలవుతుంది.

లాసెట్ తెలుగు రాష్ట్రాల్లోని లా కాలేజీల పరీక్ష, దాని కథ వేరు. 120 ప్రశ్నలకు 90 నిమిషాలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు, ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, లా ఆప్టిట్యూడ్ 60. క్వాలిఫై కావడానికి 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. ఇక్కడ ప్రమాదం ‘ఎలాగూ క్వాలిఫై అవుతాం కదా’ అన్న ధీమా. ఉస్మానియాలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో క్యాంపస్ సీటు కావాలంటే కావాల్సింది ర్యాంకు. పైగా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం రాసేవాళ్లలో చాలామంది ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, పిల్లలున్నవాళ్లు. వాళ్లకు చదువు కంటే టైమే కరువు. ‘ఈ వయసులో ఎందుకు’ అన్న ప్రశ్న కూడా వాళ్లనే పీడిస్తుంది. రెండు పరీక్షలకూ గరిష్ఠ వయోపరిమితి లేదు, కాబట్టి ఆ ప్రశ్నను అక్కడే వదిలేయండి.

2. ఒక పూట కోర్టుకు వెళ్లి కూర్చోండి

‘నేను లా ఎందుకు చదవాలనుకుంటున్నాను’ అని కాగితం మీద రాసుకోమని అందరూ చెబుతారు. రాస్తే ‘సమాజానికి సేవ’, ‘న్యాయం కోసం’ లాంటి మాటలు వస్తాయి. తెల్లవారుజామున ఐదింటికి అవి ఎవర్నీ మంచం మీద నుంచి లేపలేవు.

అంతకంటే మేలైన పని మీ ఊళ్లో, లేదా దగ్గరి పట్టణంలో, ఇప్పటికీ జనం మున్సిఫ్ కోర్టు అని పిలిచే కోర్టుకు వెళ్లడం. పదిన్నరకల్లా చేరుకోండి. ఫోన్ ఆపేసి వెనక బెంచీ మీద కూర్చోండి. మన కోర్టులు బహిరంగంగా నడుస్తాయి, చూడ్డానికి ఎవరైనా రావచ్చు. కొన్ని రకాల కేసులు మాత్రం తలుపులు వేసి విచారిస్తారు, అప్పుడు బయటికి వెళ్లమంటే వెళ్లాలి. బంట్రోతు గుమ్మం దగ్గర నిలబడి పేరు మూడుసార్లు పిలవడం, ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పట్టుకుని ఒక ముసలాయన గబగబా లోపలికి రావడం, రెండు నిమిషాల్లో వాయిదా పడితే ఏం జరిగిందో అర్థంకాక ఆయన మళ్లీ అదే సంచితో బయటికి నడవడం చూస్తారు. సినిమా కోర్టుకూ దీనికీ పోలిక ఉండదు. కొందరికి అది చూశాక ఈ వృత్తి మనకొద్దు అనిపిస్తుంది. అది ఐదేళ్ల తర్వాత కంటే ఇప్పుడు తెలియడమే నయం. అలా అనిపించకపోతే మాత్రం, రాత్రి పూట పాసేజ్ చదవబుద్ధి కానప్పుడు ఆ సంచి గుర్తొస్తుంది.

కోర్టు దూరమైతే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణలు 2022 సెప్టెంబరు నుంచి ప్రత్యక్షంగా ప్రసారం అవుతున్నాయి. అరగంట చూడండి. సగం అర్థం కాదు, ఫర్వాలేదు.

3. గంటలు లెక్కపెట్టకండి, ‘రోజు కూలి’ పెట్టుకోండి

‘రోజుకు పది గంటలు చదువుతున్నా’ అని చెప్పేవాళ్లను నేను పెద్దగా నమ్మను. కుర్చీలో ఉన్న గంటలు వేరు, పని అయిన గంటలు వేరు. పైగా పది అనుకుని ఆరు చదివిన రోజున ఆరు గంటల తృప్తి మిగలదు, నాలుగు గంటల నేరభావన మిగులుతుంది.

పనిని ముక్కల్లో కొలవండి. క్లాట్ వాళ్లకైతే రోజుకు లీగల్ పాసేజ్‌లు రెండు, లాజికల్ ఒకటి, పేపర్‌లో ఒక ఎడిటోరియల్. లాసెట్ వాళ్లకైతే రాజ్యాంగంలో ఒక భాగం, దాని మీద 30 ప్రశ్నలు, 40 నిమిషాల కరెంట్ అఫైర్స్. ఈ పని పూర్తయితే ఆ రోజు కూలి గిట్టినట్టే. మధ్యాహ్నం మూడింటికే అయిపోయినా పుస్తకం మూసేయొచ్చు.

దాని కింద ఇంకో మెట్టు పెట్టుకోండి. జ్వరం వచ్చిన రోజు, చుట్టాలొచ్చిన రోజు, ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదింటికి చేరిన రోజు ఎంత చేస్తే చాలు? ఒక్క పాసేజ్, పదిహేను నిమిషాలు. దాన్ని మాత్రం తప్పకూడదు. వరసగా నాలుగు రోజులు పుస్తకం ముట్టని మనిషికి ఐదో రోజు పుస్తకం తెరవడమే కొండంత పనవుతుంది. రోజూ ఒక్కటైనా చదివినవాడికి ఆ బాధ ఉండదు. గోడ మీద క్యాలెండర్‌లో చదివిన రోజుకు టిక్కు పెట్టుకోండి. చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది కానీ వరసగా ఇరవై టిక్కులు పడ్డాక దాన్ని తెంపడానికి మనసొప్పదు.

4. మాక్ టెస్ట్ మార్కుల్ని చూసి కుంగిపోకుండా తప్పుల్ని వేరుచేయండి

ఎక్కువమంది చదువు మానేసేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఒక అమ్మాయి క్లాట్ మాక్ రాసిందనుకుందాం. 104 ప్రశ్నలు పెట్టింది, 68 ఒప్పు, 36 తప్పు. 36 తప్పులకు 9 మార్కులు పోయి 59 వచ్చాయి. పోయిన వారం 58, అంతకుముందు 60. ‘మూడు వారాలుగా అక్కడే ఉన్నాను, నా వల్ల కాదు’ అని ఫోన్ తీసి రీల్స్‌లో పడిపోతుంది.

ఆ 36 తప్పుల్ని మూడు గంపల్లో వేయమని చెప్పండి. విషయం తెలియక తప్పయినవి 10. చివరి పది నిమిషాల్లో పాసేజ్ చదవకుండానే పెట్టేసినవి 14. తెలిసి కూడా తొందరలో తప్పు చేసినవి, అంటే ‘కానిది ఏది’ అని ఉంటే ‘ఏది’ అని చదివేసినవి, రెండు ఆప్షన్లు చూసి మూడోది చూడనివి 12. ఈ చివరి గంపలో సగం, అంటే ఆరు, సరిచేసుకుంటే ఆరు మార్కులు వస్తాయి, వాటికి పడే ఒకటిన్నర కోత పోతుంది. కొత్తగా ఒక్క ముక్క చదవకుండా 59 కాస్తా 66.5 అయింది. ఆ పద్నాలుగు కూడా తెలివి సమస్య కాదు, మొదటి గంటలో ఏదో కష్టమైన పాసేజ్ దగ్గర కూర్చుండిపోవడం. ఈ లెక్క నోట్‌బుక్‌లో కళ్లకు కనిపించాక ‘నా వల్ల కాదు’ అనే మాట దానంతట అదే బలం తగ్గుతుంది.

లీగల్ రీజనింగ్ తప్పులకు ఇంకో గంప కావాలి. అక్కడ మన న్యాయబుద్ధే మనకు అడ్డం వస్తుంది. పాసేజ్‌లో ‘అనుమతి లేకుండా ఇతరుల స్థలంలో అడుగుపెడితే, నష్టం జరగకపోయినా అతిక్రమణే’ అని ఉంది. కింద ప్రశ్నలో ఒక పిల్లాడు బంతి కోసం గోడ దూకాడు, ఏమీ పాడుచేయలేదు. మనసు ‘పాపం, పిల్లాడు కదా’ అంటుంది. జవాబు మాత్రం అతిక్రమణే, ఎందుకంటే పాసేజ్ అలా చెప్పింది. పెద్ద మనసున్నవాళ్లు ఈ సెక్షన్‌లో ఎక్కువ తప్పులు చేస్తారు. నోట్‌బుక్‌లో ఆ తప్పుల పక్కన ‘జాలి’ అని రాసుకోండి, నెలలో తగ్గుతాయి.

మాక్ రాసిన పూట మార్కులు చూసి వదిలేసి, తప్పులు చూడడం మర్నాడు ఉదయానికి పెట్టుకోండి. అలసిపోయి ఉన్నప్పుడు ప్రతి తప్పూ నేరంలా కనిపిస్తుంది. వారానికి ఒక మాక్ రాసి రెండు గంటలు దాన్ని విప్పి చూసేవాళ్లు, నాలుగు రాసి దేన్నీ చూడనివాళ్ల కంటే ముందుకు వెళతారు.

5. కరెంట్ అఫైర్స్‌కు ఒక గట్టు కట్టండి

క్లాట్‌లో జీకేతో కలిపి 28 నుంచి 32 ప్రశ్నలు, లాసెట్‌లో 30. ఈ సబ్జెక్టుకు చివర లేదు కాబట్టి మీరే ఒకటి పెట్టాలి. ఒక పేపర్, ఒక నోట్‌బుక్, 40 నిమిషాలు. ఐదు టెలిగ్రామ్ గ్రూపుల పీడీఎఫ్‌లు దింపుకుని ఒక్కటీ తెరవకపోవడం కంటే ఇదే నయం. ఫోన్‌లో పేరుకుపోయిన ఫైళ్లను చూసినప్పుడల్లా వచ్చే దిగులు కూడా తగ్గుతుంది.

పొడి వివరాలు గుర్తుండవు, కథ తగిలిస్తే ఉంటాయి. ‘వాడు పెద్ద ఫోర్ ట్వంటీ’ అని మనం తిట్టే తిట్టు 1860 నాటి ఐపీసీ 420వ సెక్షన్‌ది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఉన్నవి మొత్తం 358 సెక్షన్లే. మోసం ఇప్పుడు 318కి మారింది. తిట్టు మాత్రం మారలేదు. ఇలా చదివితే మూడు ప్రశ్నల సరుకు ఒక్క నవ్వులో గుర్తుండిపోతుంది. పార్లమెంటు ప్రాథమిక హక్కుల్ని తగ్గించలేదని తేల్చిన తీర్పును ‘గోలక్‌నాథ్ కేసు, 1967’ అని బట్టీ పడితే రెండు రోజుల్లో పోతుంది. ఆ తీర్పిచ్చిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు మన రాజమండ్రి మనిషి, ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఇంకోవైపు నిలబడ్డ ధర్మాసనం అది, అదే ఏడాది ఆయన పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు అని తెలిస్తే పోదు. పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు మార్చొచ్చో చెప్పిన 1973 కేశవానంద భారతి కేసు దానికి కొనసాగింపుగా పక్కన వచ్చి కూర్చుంటుంది.

6. ఇంగ్లిష్ భయం ఉంటే ఇంట్లో వాళ్లకు తెలుగులో చెప్పండి

క్లాట్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి నెలలోనే ఇక్కడ చేతులెత్తేస్తారు. ఎడిటోరియల్ ఒక పేరా చదవండి, పేపర్ మూసి, అందులో ఏముందో అమ్మకో తమ్ముడికో తెలుగులో చెప్పండి. వాళ్లు ‘అయితే గవర్నర్ బిల్లు ఆపొచ్చా, ఆపకూడదా?’ అని అడిగారంటే మీకు విషయం అర్థమైనట్టే. ‘ఏం చెప్పావో తెలీలేదురా’ అన్నారంటే మళ్లీ చదవాలి. తెలియని పదాలన్నీ డిక్షనరీలో వెతకొద్దు, రోజుకు ఐదు చాలు.

7. మాటలు పడడానికి ఒక జవాబు సిద్ధంగా ఉంచుకోండి

‘ఎంపీసీ చదివి లా ఏంటమ్మా?’ ‘చివరికి చెట్టు కింద ప్లీడరు అవుతావా?’ ఇవి తప్పవు. వాదించొద్దు. వాదన ప్రాక్టీసుకు ఇంకా టైముంది. ‘డిసెంబర్‌లో పరీక్ష ఉంది పెదనాన్నా, అయ్యాక మాట్లాడుకుందాం’ అని కాఫీ అందించండి.

ఇంట్లో వాళ్ల భయం మాత్రం వేరు, దానికి జవాబు ఇవ్వాలి. ఇంటర్ సెకండియర్‌లో ఉన్నవాళ్లు క్యాలెండర్ చూపించండి. క్లాట్ ఈమధ్య డిసెంబరులోనే జరుగుతోంది, పబ్లిక్ పరీక్షలు ఆ తర్వాతే. సీటు రాకపోతే మే, జూన్‌ల ప్రాంతంలో లాసెట్ ఉంటుంది. రెండో దారి ఉందని తెలిస్తే నాన్నగారి గొంతు కాస్త తగ్గుతుంది, మీ గుండె కూడా.

తోడుగా ఒక్కరు చాలు. రోజూ రాత్రి ‘ఈరోజు రెండు పాసేజ్‌లు’ అని ఒక మెసేజ్ పంపుకునే స్నేహితురాలు, రెండువందల మంది ఉన్న గ్రూపు కంటే ఎక్కువ పనిచేస్తుంది. మార్కులు మాత్రం పోల్చుకోకండి.

8. అలసటా, అంతకు మించిందా చూసుకోండి

వారానికి ఒక పూట పూర్తిగా సెలవు. ఆ పూట పుస్తకం పక్కన పెట్టుకుని సినిమా చూస్తే రెండూ చెడతాయి. కానీ రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, అన్నం సయించక, దేని మీదా మనసు లేకపోతే దానికి టైంటేబుల్ మందు కాదు. ఇంట్లో చెప్పండి, డాక్టర్‌ను కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చివరి పది రోజుల్లో కొత్త పుస్తకం తెరవకండి. తప్పుల నోట్‌బుక్ ఒక్కటే చదవండి. మాక్‌లు అసలు పరీక్ష జరిగే వేళకే రాయండి. క్లాట్ అయితే మధ్యాహ్నం భోజనం చేశాక నిద్ర ముంచుకొచ్చే గంటల్లో ఉంటుంది, ఒంటికి ఆ అలవాటు ముందే చేయాలి. పరీక్ష రాసి వచ్చిన రాత్రి కోచింగ్ సెంటర్ల ఆన్సర్ కీలు పోటాపోటీగా వస్తాయి, ఒకదానికొకటి పొసగవు. ఆ రాత్రి ఫోన్ అమ్మ చేతిలో పెట్టి పడుకోండి. ఇంటర్ వాళ్లకు మర్నాడు ఉదయం ఎలాగూ ఫిజిక్స్ రికార్డు రాసేది ఉంటుంది.