‘నన్ను చంపడానికి వచ్చారు’ అని తమ్ముడు అన్నప్పుడు

మా ఇల్లు తిరుపతిలో, కపిలతీర్థం దగ్గర. కొండ దిగిన యాత్రికుల జీపులు మా వీధిలో ఆగుతుంటాయి. వాళ్లంతా తనను చంపడానికే వచ్చారని, ఫోన్లలో తన ఫొటోలే తీస్తున్నారని మా తమ్ముడు నమ్మాడు. వాడికి స్కిజోఫ్రెనియా అనే మానసిక వ్యాధి.

మొదట్లో వాదించాను. ‘నిన్ను ఫొటో తీయడానికి నువ్వేమైనా మంత్రివా?’ అన్నాను. అనకూడని మాట. తాను దేనికీ పనికిరాననుకునే మనిషికి లోకమంతా తనకంటే బలంగా, ప్రమాదంగా కనిపిస్తుంది. నా మాట ఆ భయానికే ఎరువైంది.

కాబట్టి వాదించకండి. అలాగని ‘అవును, వచ్చారు’ అనీ అనకండి. ‘అంత భయంతో రాత్రంతా ఎలా గడిపావురా?’ అని అడగండి. భయం నిజమే కదా, దాని గురించి మాట్లాడవచ్చు.

తర్వాత ఆ భయాన్ని పెంచుతున్నదేమిటో గమనించండి. ఆక్స్‌ఫర్డ్‌లో మనస్తత్వవేత్త డేనియల్ ఫ్రీమన్ బృందం ఏళ్ల తరబడి ఇదే పరిశోధించింది. నిద్రలేమి, తెగని ఆందోళన, తన మీద తనకు చిన్నచూపు, చెవిలో వినిపించే గొంతులు, కొద్దిపాటి ఆధారంతోనే నిర్ధారణకు రావడం, ఇవన్నీ కలిసి అనుమానాన్ని నిలబెడతాయి. వంశపారంపర్యం, మెదడులోని మార్పులు ఎలాగూ ఉంటాయి, అందుకే మందులు మానకూడదు. ఇంట్లోవాళ్లు ముందుగా పట్టించుకోవలసింది నిద్ర. మేము సాయంత్రం కాఫీ మాన్పించి, రోజూ ఒకే వేళకు దీపం ఆర్పాం.

తనకు గానీ ఇతరులకు గానీ హాని చేస్తానంటే మాత్రం ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మా తిరుపతిలోని ప్రభుత్వాసుపత్రి రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. సలహా కావాలంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రయినా పలుకుతుంది.

ఇక కిటికీ సంగతి. వాడు దానికి దుప్పటి కట్టేశాడు. ఏ ప్రమాదమూ జరగలేదు. దుప్పటి వల్లే బతికానని నమ్మాడు. దాచుకున్నంత కాలం ఆ నమ్మకం తప్పని తేలే దారే లేదు. అయినా మనం లాగేయకూడదు. మందులతో కాస్త కుదురుకున్నాక, డాక్టరుతో మాట్లాడి, ‘బెత్తెడు జరుపుదామా? ఐదు నిమిషాలే, నేను పక్కనే ఉంటాను’ అన్నాను. వాడే జరిపాడు. నా చేయి గట్టిగా పట్టుకున్నాడు, అరచేయి చెమటతో తడిసింది.

కింద ఒక తల్లి, గుండు కొట్టించిన పిల్లవాడి తలకు గంధం రాస్తోంది. తండ్రి ఫోను పట్టుకున్నాడు. తమ్ముడు చాలాసేపు చూశాడు.

‘అక్కా, ఆ ఫోను పిల్లవాడి వైపే ఉంది’ అన్నాడు.

మర్నాడు దుప్పటి ఇంకో బెత్తెడు జరిపింది వాడే.